త్రైరాశికం చాలని చోట

డజను అరటిపళ్ళు 60 రూపాయలైతే 20 పళ్ళు ఎంత? 100 రూపాయలు. కాగితం, కలం అక్కర్లేదు. బడి మొహం చూడని పళ్ళ వ్యాపారి మనకన్నా ముందే చెప్పేస్తాడు. మన పాత లెక్కల పుస్తకాల్లో దీని పేరు త్రైరాశికం. మూడు తెలిస్తే నాలుగోది తెలుస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహంలో దీనికి ఒక ప్రకరణమే ఉంది. ఆ పుస్తకాన్నే తర్వాత పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. అంటే మనకి ఈ లెక్క కొత్త కాదు, వెయ్యేళ్ళుగా నలిగిన లెక్క.

దీనితో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఇది మనకి ఎంత అలవాటైపోయిందంటే, పనికిరాని చోట కూడా తెలియకుండానే వాడేస్తాం. రెట్టింపు వేస్తే రెట్టింపు వస్తుందని, సగం తీస్తే సగం పోతుందని మనసు ముందే తీర్మానం చేసేసుకుంటుంది. కాలేజీలో ప్రీకాలిక్యులస్ అనే కోర్సులో పిల్లలు నేర్చుకునేదేమిటని నన్నడిగితే, పాఠాల జాబితా చదివే ముందు ఈ మాట చెప్తాను: త్రైరాశికం చెల్లని చోటును గుర్తుపట్టడం, అక్కడ దేన్ని వాడాలో తెలుసుకోవడం.

ప్రీకాలిక్యులస్ అన్న పేరు మన దగ్గర అంతగా వినపడదు. అమెరికా కాలేజీల్లో మొదటి ఏడాది చాలామంది తీసుకునే కోర్సు అది. కొందరు దాన్ని హైస్కూల్లోనే ముగించుకుని వస్తారు. 2023-24 విద్యాసంవత్సరం నుంచి కాలేజ్ బోర్డు వాళ్ళు హైస్కూలు పిల్లల కోసం ఏపీ ప్రీకాలిక్యులస్ అని కొత్త పరీక్ష కూడా పెట్టారు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో పిల్లల పుస్తకం తిరగేసిన తెలుగు తండ్రి, ఇదంతా మేం ఇంటర్‌లో 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అని చదివిందే కదా అంటాడు. నిజమే. ప్రమేయాలు, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం, శాంకవాలు అన్నీ మన ఎంపీసీలో ఉన్నవే. అయితే మన దగ్గర కూడా డిగ్రీలోకి వచ్చాక ఈ పాఠాలు ఎదురయ్యేవాళ్ళున్నారు. బైపీసీ చదివి బి.ఫార్మసీలో చేరినవాళ్ళకి మొదటి సెమిస్టరులో రెమెడియల్ మ్యాథమెటిక్స్ అని ఒక పేపరుంది. వాళ్ళ సంగతికి తర్వాత వస్తాను.

ఈ కోర్సుకి ఇరుసు ఒకటే, ప్రమేయం. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఫంక్షన్ అంటారు. ఒక రాశి చెప్తే దాన్నిబట్టి మరొకటి ఖాయంగా తేలాలి, అంతే. మన ఇంటి కరెంటు బిల్లు ప్రమేయమే. యూనిట్లు చెప్తే రూపాయలు తేలతాయి. కానీ 100 యూనిట్లకి వచ్చిన బిల్లును రెండుతో గుణించి 200 యూనిట్ల బిల్లు అనుకుంటే నెలాఖరుకి గుండె గుభేలుమంటుంది. మొదటి శ్లాబుకి ఒక రేటు, దాని పైవాటికి ఇంకో రేటు. దాని గ్రాఫు గీస్తే ఒకే తిన్నని గీత రాదు, అక్కడక్కడ విరిగి పైకి లేచే గీత వస్తుంది.

ఇప్పుడు లెక్కను తిరగేద్దాం. బిల్లు మొత్తం చెప్తే యూనిట్లు చెప్పగలమా? చెప్పగలం, ఎందుకంటే యూనిట్లు పెరిగితే బిల్లు పెరుగుతుందే తప్ప తగ్గదు. మరి ఇంకోటి చూడండి. ఉదయం నుంచి రాత్రి దాకా గంటగంటకీ ఊళ్ళో ఉష్ణోగ్రత రాసుకున్నాం. గంట చెప్తే ఉష్ణోగ్రత చెప్పొచ్చు. 32 డిగ్రీలు ఉందండీ, టైమెంత అని అడిగితే? పొద్దున 9కీ 32 ఉండొచ్చు, రాత్రి 7కీ 32 ఉండొచ్చు. వెనక్కి వెళ్ళే దారి లేదు. మొదటి రకాన్ని పాఠ్యపుస్తకం అన్వేకం అంటుంది, విలోమ ప్రమేయం అన్న అధ్యాయమంతా ఈ తేడా మీదే నడుస్తుంది. పిల్లలు నిర్వచనం అప్పజెప్తారు. బిల్లుకీ ఉష్ణోగ్రతకీ తేడా ఏమిటని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

రేడియోలో ఉన్న ఇబ్బంది తెలిసిందే, నేను బోర్డు మీద గీత గీసి చూపించలేను. వీలైనవాళ్ళు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. అడ్డంగా ఒక గీత, అది కాలం. నిలువుగా ఒక గీత, అది దూరం. సాయంత్రం 6 గంటలకి బయల్దేరే రైలు ఎక్కడికి ఏ టైముకి చేరుతుందో గీశారనుకోండి. ఈ రోజు ఆ రైలు 3 గంటలు లేటు. కొత్త గీత పాత గీతకి ఎటువైపు ఉంటుంది? కుడివైపు, 3 గంటలు జరిగి. రాత్రి 9 గంటలకి ఈ రైలు ఎక్కడుంది? మామూలు రోజున 9లోంచి 3 తీసేస్తే వచ్చే 6 గంటలకి ఎక్కడుంటుందో అక్కడ, అంటే ఇంకా ప్లాట్‌ఫారం మీదే. ప్రమేయంలో ఎక్స్ ఉన్న చోట ఎక్స్ మైనస్ 3 పెడితే గ్రాఫు కుడికి ఎందుకు జరుగుతుందని ఏటా కనీసం సగం క్లాసు తల గోక్కుంటుంది. మైనస్ కదా, ఎడమకి పోవాలి కదా అంటారు. ఆలస్యమైన రైలును తలుచుకున్నవాళ్ళకి ఆ అనుమానం మళ్ళీ రాదు.

ఈ కోర్సును ఎవరు మొదలెట్టారంటే ఒక పేరు చెప్పాలి. లియొనార్డ్ ఆయిలర్. స్విట్జర్లాండ్‌లో పుట్టినవాడు. 1748లో ఆయన లాటిన్‌లో రెండు సంపుటాల పుస్తకం వేశాడు, ఇంట్రొడక్షియో అని క్లుప్తంగా పిలుస్తారు. కాలిక్యులస్‌లోకి దిగే ముందు తెలిసి ఉండాల్సిందంతా అందులో ఒకచోట పోగుచేశాడు. గణితానికి నడిమధ్యన ప్రమేయాన్ని కూర్చోబెట్టింది ఆ పుస్తకమే. సైన్, కొసైన్‌లను వృత్తంలో గీసే గీతలుగా కాక సంఖ్యలుగా, ప్రమేయాలుగా చూడటం అక్కడే స్థిరపడింది. నాకు మరీ ముచ్చటైన సంగతి దాని ముందుమాటలో ఉంది. కుర్రాళ్ళు పైగణితంలో తడబడేది ఆ గణితం కష్టమై కాదు, మామూలు బీజగణితమే సరిగా రాకుండా అందులోకి దిగడం వల్ల అని ఆయన వాపోతాడు. రెండువందల డెబ్భై ఏళ్ళు దాటింది. ఏ కాలేజీ స్టాఫ్‌రూమ్‌కైనా వెళ్ళండి, అదే మాట వినపడుతుంది.

ఆ తడబాటు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం. 9, 16 కూడితే 25. దాని వర్గమూలం 5. కానీ పరీక్ష హడావుడిలో కుర్రాడు ఏం చేస్తాడు? 9కి వర్గమూలం 3, 16కి 4, కూడితే 7 అని రాసేస్తాడు. అంకెలున్నప్పుడు పొరపాటు దొరికిపోతుంది. ఎక్స్ వర్గం ప్లస్ 9కి వర్గమూలం ఎక్స్ ప్లస్ 3 అని రాసినప్పుడు మాత్రం అతనికి ఏ అనుమానమూ రాదు. సైన్ 30 డిగ్రీలు అర కాబట్టి సైన్ 60 డిగ్రీలు ఒకటి అని రాసేవాళ్ళున్నారు. నిజానికి అది 0.866. రెండు సంఖ్యల మొత్తానికి లాగ్ తియ్యమంటే విడివిడిగా లాగ్ తీసి కూడేస్తారు. వీటిని వేరువేరు తప్పులుగా ఎర్రసిరాతో కొట్టేస్తూ పోతాం కానీ, నా లెక్క ప్రకారం ఇవన్నీ ఒకే తప్పు. వర్గమూలమైనా, సైనైనా, లాగైనా అన్నీ అరటిపళ్ళ ధరలాగే నడుస్తాయని లోపల ఉన్న నమ్మకం. దాన్ని పెకలించకుండా సూత్రాలు ఎన్ని చెప్పినా పరీక్ష అయిన మర్నాడు పాత నమ్మకమే గెలుస్తుంది.

ఈ విషయంలో మన పద్ధతి మీద నాకున్న ఫిర్యాదు దాచుకోను. అమెరికా కోర్సుతో పోలిస్తే మన ఇంటర్ సిలబస్ బరువైనది, లోతైనది. త్రికోణమితిలో మన పిల్లలు సాధించే లెక్కలు చూస్తే అక్కడి విద్యార్థికి కళ్ళు తిరుగుతాయి. కానీ ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్, 3 గంటల్లో 160 ప్రశ్నలు. అందులో గణితానివే 80. ఒక్కో ప్రశ్నకి నిమిషం పైన కొద్ది సెకన్లు. ఆ వేగంలో గ్రాఫు గీసి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? నాలుగు జవాబుల్లో ఎక్స్‌కి బదులు సున్నా వేసి చూసి, పొసగనివి కొట్టేసి, మిగిలినదానికి టిక్ పెట్టడం నేర్పుతారు. అది తెలివే, కాదనను. కానీ ఆ కుర్రాడే బీటెక్ మొదటి సెమిస్టరులో ఘాతీయ ప్రమేయం గ్రాఫు గీయమంటే పరావలయంలో సగం గీసి ఊరుకుంటాడు. అమెరికాలో నిదానంగా, చేతిలో గ్రాఫింగ్ కాలిక్యులేటరుతో తక్కువ నేర్చుకున్న పిల్లవాడు ఈ ఒక్క చోట ముందుంటాడు.

ఘాతీయ ప్రమేయం అన్నాను. ఈ కోర్సు మొత్తంలో బతకడానికి పనికొచ్చే అధ్యాయం ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. మన ఊళ్ళ లెక్కే తీసుకుందాం. రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పు. అంటే నెలకి నూటికి రెండు. నెలకి 2,000, ఏడాదికి 24,000. బారువడ్డీ అయితే తొమ్మిదేళ్ళకి వడ్డీ 2 లక్షల 16 వేలు, అసలుతో కలిపి 3 లక్షల 16 వేలు. ఇది తిన్నని గీత, త్రైరాశికం చక్కగా పనిచేస్తుంది.

కానీ ఊళ్ళో జరిగేది అది కాదు. ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. అందుకని మూడేళ్ళు నిండేలోగా నోటు తిరగరాయిస్తారు. బాకీపడ్డ వడ్డీని కూడా అసలులో కలిపి కొత్త నోటు. మొదటి మూడేళ్ళకి లక్ష కాస్తా 1,72,000 అయింది. ఇప్పుడు వడ్డీ దీని మీద. నెలకి 2,000 కాదు, 3,440. ఆరేళ్ళకి 2,95,840. మళ్ళీ తిరగరాశారు. ఇప్పుడు నెల వడ్డీ 5,917 రూపాయలు. తొమ్మిదేళ్ళకి 5 లక్షల 8 వేల 845. రైతు అనుకునేదేమిటి? రేటు మారలేదు కదా, అదే రెండు రూపాయలు కదా అని. రేటు మారలేదు, నిజమే. మారింది గీత. ప్రతి మూడేళ్ళకీ ఒకచోట విరిగి, ఇంకాస్త నిటారుగా లేస్తుంది. అదే నెలనెలా వడ్డీని అసలులో కలుపుతూ పోతే? తొమ్మిదేళ్ళకి సుమారు 8 లక్షల 49 వేలు. అది విరుపులు కంటికే ఆనని వంపు.

రేటు ఒకటే, కాలం ఒకటే, అసలు ఒకటే. ఒక దారిలో 3 లక్షల 16 వేలు, ఇంకో దారిలో 5 లక్షల 9 వేలు, మూడో దారిలో 8 లక్షల 49 వేలు. ప్రీకాలిక్యులస్ విద్యార్థి ఈ మూడు గ్రాఫులనూ ఒకే కాగితం మీద గీయగలగాలి. మొదటి ఏడాదిలో మూడూ దాదాపు అతుక్కుని నడుస్తాయన్నది గమనించాలి. ప్రమాదం ఉన్నదే అక్కడ. మొదట్లో చూసి ఏది ఏ గీతో పోల్చుకోలేం.

సరే, నెలనెలా చక్రవడ్డీ అయితే అప్పు ఎన్నాళ్ళకి రెట్టింపవుతుంది? 1.02ని దానితోనే ఎన్నిసార్లు గుణిస్తే 2 వస్తుంది? ఇక్కడ తెలియనిది ఘాతంలో, పైన కూర్చుని ఉంది. దాన్ని కిందికి దించే పనిముట్టు లాగరిథమ్, మన పాఠ్యపుస్తకంలో సంవర్గమానం. 2కి లాగ్ 0.3010. 1.02కి లాగ్ 0.0086. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 35. మూడేళ్ళు కూడా నిండకుండా, 35 నెలలకే అప్పు రెండింతలు. బారువడ్డీ అయితే 50 నెలలు పట్టేది.

లాగరిథమ్‌ల కథ మాత్రం కాస్త తీరిగ్గా చెప్పుకోదగింది. స్కాట్లండ్‌లో జాన్ నేపియర్ అని ఒక భూస్వామి, ఎడిన్‌బరో పక్కన మెర్కిస్టన్ కోటలో ఉండేవాడు. గుణకారాలను కూడికలుగా మార్చే పట్టికలు తయారుచేసి 1614లో అచ్చువేశాడు. లండన్‌లోని గ్రెషమ్ కాలేజీలో పాఠాలు చెప్పే హెన్రీ బ్రిగ్స్ అది చూసి, మరుసటి ఏడాది వేసవిలో నేపియర్‌ను కలవడానికే ఎడిన్‌బరో ప్రయాణమై వెళ్ళాడు. ఒకటికి లాగ్ సున్నా, పదికి లాగ్ ఒకటి ఉండేట్టు మార్చుకుంటే బాగుంటుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేపియర్ 1617లో పోయాడు. ఆ పని బ్రిగ్స్ మీద పడింది. 1624లో ఆయన 30,000 సంఖ్యలకి, ఒక్కొక్కదానికి 14 దశాంశ స్థానాల దాకా లాగ్‌లు లెక్కగట్టి పుస్తకం వేశాడు. చేత్తో! మన ఫిజిక్స్ ల్యాబుల్లో చెమటపట్టిన వేళ్ళతో తిరగేసిన క్లార్క్స్ టేబుల్స్‌కి తాతముత్తాతలు ఇవే.

కాలిక్యులేటర్లు వచ్చాక గుణకారానికి లాగ్‌లు ఎవరికీ అక్కర్లేదు. మరి ఇంకా ఎందుకు నేర్పుతారంటే, ఇప్పుడవి కొలబద్దలుగా బతుకుతున్నాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 5.7. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్‌ను నేలమట్టం చేసినదానికి అమెరికా భూగర్భ సర్వే లెక్క 7.7. తేడా చూస్తే రెండే. పేపర్లో చదివి, ఓహో, మనదానికన్నా కాస్త పెద్దది అనుకుంటాం. ఆ కొలబద్ద లాగరిథమ్‌ది. ఒక మెట్టు ఎక్కితే భూమి ఊగే విస్తారం పదింతలు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు. రెండు మెట్లంటే ఊపు వంద రెట్లు, శక్తి సుమారు వెయ్యి రెట్లు. 7.7లోంచి 5.7 తీసివేయడం ఒకటో తరగతి లెక్క. ఆ 2 అంటే ఏమిటో తెలియడానికి ఈ కోర్సు కావాలి.

ఇప్పుడు బి.ఫార్మసీ పిల్లల దగ్గరికి. లెక్కలంటే పడక బైపీసీ తీసుకున్నాం, ఇక్కడా వదల్లేదే అని గొణుక్కుంటూ కూర్చుంటారు. వాళ్ళకి ఒక మందు చూపించాలి. పొద్దున 9 గంటలకి ఒంట్లో 400 మిల్లీగ్రాములుంది. 12 గంటలకి చూస్తే 200. మరి 3 గంటలకి ఎంత ఉంటుంది? మూడు గంటల్లో 200 పోయింది కాబట్టి ఇంకో మూడు గంటల్లో మిగతా 200 కూడా పోతుంది, సున్నా అంటుంది త్రైరాశికం. చాలా మందుల విషయంలో జరిగేది అది కాదు. ఒంట్లో ఎంత ఉంటే అందులో సగం పోతుంది. 3 గంటలకి 100, 6 గంటలకి 50. దీన్నే అర్ధాయువు అంటారు, ఈ మందుకి అది 3 గంటలు. అయిదు అర్ధాయువులు గడిచాక కూడా 32వ వంతు మిగిలే ఉంటుంది. రోజుకి రెండుసార్లు వేసుకోవాలా, మూడుసార్లా అన్నది డాక్టరుగారి చీటీ మీదికి వచ్చే ముందు ఈ లెక్క దాటే వస్తుంది. ఆ వంపుగీతనే లాగ్ కొలబద్ద మీద గీస్తే తిన్నని గీతైపోతుంది. దాని వాలు చూసి అర్ధాయువు చెప్పేయొచ్చు. ఒంటికి సంబంధించిన లెక్క అని తెలియగానే బైపీసీ పిల్లలు ఎంపీసీ వాళ్ళకన్నా శ్రద్ధగా వింటారు, ఇది క్లాసుల్లో చూస్తున్నదే.

బహుపదులు, అకరణీయ ప్రమేయాలు, సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, శ్రేఢులు కూడా కోర్సులో ఉంటాయి. వాటి మీద ఇప్పుడు కాలం వెచ్చించను. శాంకవాల్లో మాత్రం, డిష్ యాంటెన్నా పరావలయం ఎందుకైంది, గ్రహాలు దీర్ఘవృత్తంలో ఎందుకు తిరుగుతాయి అన్న రెండు ప్రశ్నలు క్లాసులో వేయకుండా సమీకరణాలు రాయించే మాస్టారంటే నాకు కొంచెం కోపం.

మిగిలింది త్రికోణమితి. దీనికి రెండు ముఖాలున్నాయి. మొదటిది కొలత. 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ళ పొడవున నేలను గొలుసుతో కొలిచాడు. నేల మీద ఒళ్ళొంచి కొలిచేది ఆ ఒక్క భుజమే. తర్వాత దూరాన ఉన్న గుట్టనో, గుడి గోపురాన్నో చూసి రెండు చివర్ల నుంచీ కోణాలు తీసుకుంటే చాలు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ సైన్ సూత్రంతో వచ్చేస్తాయి. ఇంటర్‌లో త్రిభుజ ధర్మాలు అన్న అధ్యాయంలో మొదట వచ్చే సూత్రమే అది. అలా వచ్చిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. అలా అల్లుకుంటూ దేశమంతా కొలిచారు. కోణాలు కొలిచే, అర టన్ను బరువున్న థియోడొలైట్‌ను గుట్టలెక్కించారు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య నిజాం రాజ్యపు అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచాన పడ్డ అసిస్టెంటు పేరు జార్జ్ ఎవరెస్ట్. తర్వాత ఆయన పేరే శిఖరానికి పెట్టారు. సైన్ సూత్రం అప్పజెప్పే పిల్లవాడికి, ఇది మన నల్లగొండ, ఖమ్మం వైపు అడవుల్లో మనుషుల ప్రాణాల మీదికి తెచ్చిన లెక్క అని ఎవరైనా చెప్తారా?

రెండో ముఖం త్రిభుజాన్ని వదిలేసి, చక్రం పట్టుకుంటుంది. తిరిగే చక్రం అంచు మీద ఒక చుక్క పెట్టి, దాని ఎత్తును కాలంతో పాటు గీస్తే అలలా లేచి పడే గీత వస్తుంది. అదే సైన్ ప్రమేయం. ఇళ్ళకొచ్చే కరెంటు, వీణతీగ కంపనం, సముద్రపు పోటుపాట్లు, అన్నిట్లో ఇదే అల. హైదరాబాదులో పగటి పొడవు డిసెంబరు ఆఖరులో దాదాపు 11 గంటలు, జూన్ ఆఖరులో 13 గంటల పైన. రోజురోజుకీ రాసుకుని గీయండి, దాదాపు సైన్ అలే వస్తుంది. ఇక్కడ ఒకటి గమనించండి. మార్చి నెలలో పగలు రోజుకి ఒక నిమిషం చొప్పున పెరుగుతుంది. జూన్ మూడోవారంలో రోజుకి కొద్ది సెకన్లకి మించి తేడా ఉండదు. అల మధ్యలో నడక జోరు, శిఖరం దగ్గర నత్తనడక.

ఈ సంగతిని క్రీస్తుశకం 499లో ఆర్యభటుడు ఎంత పొందికగా చెప్పాడో చూడండి. ఆయన సైన్‌ను జ్యా అన్నాడు. తొంభై డిగ్రీలను 24 భాగాలు చేశాడు. ఒక్కో భాగం మూడు ముప్పావు డిగ్రీలు, కళల్లో, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుల్లో చెప్తే 225 కళలు. వృత్తపు వ్యాసార్ధాన్ని కూడా అవే కళల్లో 3438గా తీసుకున్నాడు. ఇప్పటి పుస్తకాల్లో రేడియన్ అంటే వ్యాసార్ధమంత చాపం కేంద్రం దగ్గర చేసే కోణం. దాన్ని కళల్లోకి మార్చి చూడండి, 3438కి ఓ వెంట్రుకవాసి తక్కువ. కోణాన్నీ పొడవునూ ఒకే కొలతలో పెడితే లెక్క సుళువవుతుందన్నది ఆయనకి తెలుసు. మనవాళ్ళు రేడియన్ ఎందుకండీ, డిగ్రీలున్నాయి కదా అని ఇప్పటికీ అడుగుతారు.

ఆయన పట్టికలో జ్యాల విలువలు ఇవ్వలేదు, ఒక విలువకీ తర్వాతదానికీ మధ్య తేడాలు ఇచ్చాడు. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. 225, 224, 222, 219, 215, 210, 205, 199. ఇవి మొదటి ఎనిమిది. కూడండి, 1719 వస్తుంది. ఎనిమిది భాగాలంటే సరిగ్గా 30 డిగ్రీలు. 1719 అంటే 3438లో సరిగ్గా సగం. సైన్ 30 డిగ్రీలు అర అని మనం అప్పజెప్పేది ఇదే.

త్రైరాశికమే నిజమైతే 24 తేడాలూ 225గానే ఉండాలి. అలా లేవు. మొదట్లో ఒకటీ, రెండూ చొప్పున జారి, పోనుపోను వేగంగా తగ్గి, ఆఖరికి 37, 22, 7 దగ్గర ఆగుతాయి. ఈ 24 తేడాలనూ చుక్కలుగా పెట్టి కలపండి. ఇంకో అల వస్తుంది. మొదటి అల సున్నా దగ్గర మొదలైతే, ఇది శిఖరం మీద మొదలై కిందికి దిగుతుంది. అది కొసైన్. సైన్ ఎంత వేగంగా మారుతోందని అడిగితే జవాబుగా కొసైనే ఎందుకు వస్తుందో ప్రీకాలిక్యులస్ పుస్తకంలో రాయరు, ఆ ప్రశ్న వరకూ తీసుకొచ్చి వదిలేస్తారు. అవధి అన్న భావన వచ్చాక, కాలిక్యులస్ మొదటి నెలలోనే, దాన్ని బోర్డు మీద రుజువు చేస్తారు.